గోరువంక కడుపులో అమ్మ గొంతు

పచ్చలకోట తూర్పు వాకిలి ఆ పొద్దున తిరనాళ్ళలా ఉంది. నుదుట ముత్యాల జాలర్లు వేలాడే ఏనుగులు ఒకపక్క, కాళ్ళకి వెండి అందెలు కట్టిన గుర్రాలు ఇంకొకపక్క, మధ్యలో పల్లకీలు, వింజామరలు, పన్నీటి చెంబులు. కోటగోడల నిండా పొదిగిన పచ్చరాళ్ళ మీద లేత ఎండ పడి, కిందనున్న జనం ముఖాలన్నీ ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. రత్నగండి రాజ్యమంతా లేచి వచ్చి ఆ వాకిట్లో పడిందా అన్నట్టుంది.

ఆ తోపులాటలో గుమ్మడికాయంత తలపాగా ఒకటి ఊగుతూ, ఒరుగుతూ ముందుకొస్తోంది. దాని కింద మన కొమరన్న ఉన్నాడు.

పాపం, కొమరన్నకి తలపాగా కట్టడం కూడా చేతకాదు. గుడ్డ మీద బొమ్మలు గీసి, ఊరూరా తిప్పి చూపిస్తూ కథలు చెప్పే పటంవాళ్ళ ఇంటి కుర్రాడు వాడు. ఆ తలపాగా, జరీ శాలువా, మెడలో రుద్రాక్షలు శంఖద్వీపం నుంచి వచ్చిన ఒక మహాపండితుడివి. ముందురోజు ఏటి రేవులో ఆయన కాలు మొసలి నోట చిక్కితే, కొమరన్న పడవ తెడ్డు లాక్కుని మొసలి ముక్కు పగలగొట్టి, ఆయన్ని ఒడ్డుకి ఈడ్చాడు. "నాయనా! మీ దేశానికో దండం, మీ రాజుగారి సభకో దండం. నేను మా ఇంటికి పోతాను. ఈ వేషం నువ్వే కట్టుకో" అని, ఆయన వచ్చిన పడవలోనే వెనక్కి పోయాడు. ఆ వేషంతోనే మనవాడు కోటకొచ్చాడు.

ఎందుకొచ్చాడంటారా? వాళ్ళమ్మ గొంతు కోసం.

కొమరన్న తల్లి ఎల్లసాని కథ ఎత్తుకుందంటే, నీళ్ళ కావడి మోసుకుపోయేవాడు కావడి దించడం కూడా మరిచిపోయి నిలబడిపోయేవాడు. అలాంటి మనిషి గడపలోకి ధూమ్రజంఘుడనే మాంత్రికుడు ఒకనాడు బండి తోలుకొచ్చాడు. బండి మీద ఏనుగు పిల్లంత గోరువంక ఉంది, అంతా పంచలోహాలతో పోతపోసింది. "తల్లీ, ఈ పిట్టకి కథలు నేర్పుతున్నాను. నీకు తెలిసినవి చెప్పు, పుణ్యముంటుంది" అన్నాడు. "పిట్టకి చెబితే నాకు తరిగేదేముంది నాయనా?" అని ఆ పిచ్చితల్లి అన్నీ చెప్పింది. ఆఖరి మాట అవగానే పిట్ట ముక్కు తెరుచుకుంది. లోపల తెల్లటి గవ్వ ఒకటి తళుక్కుమంది. ఎల్లసాని గొంతు వెళ్ళి అందులో పడింది. ఆనాటి నుంచి ఆవిడ పెదాలు కదులుతాయి, మాట మాత్రం రాదు. ఆ పిట్ట ఇప్పుడు ఈ కోటలో ఉందని తెలిసి వచ్చాడు కొమరన్న.

పటంవాళ్ళకి ఒక ఆచారం ఉంది, అది ఇక్కడే చెప్పేయాలి. ముద్దొచ్చే బిడ్డకి బుగ్గన దిష్టిచుక్క పెడతామే, అలాగే వాళ్ళు మంచి కథకి ఒక తప్పు పెడతారు. కావాలనే పెడతారు. "కథకి చుక్క పెడుతున్నాను, పట్టినవాళ్ళు అడిగింది ఇస్తాను" అని ముందే ఒట్టేసి మొదలుపెడతారు. వినేవాళ్ళు చెవులు రిక్కించి వింటూ ఆ తప్పు పట్టుకోవాలి. పట్టుకుంటే పకపకా నవ్వుతారు, అడిగింది ఇస్తారు. పిల్లలైతే బెల్లంముక్కో, కథలో ఇంకో ఏనుగో అడుగుతారు. ఎవరూ పట్టకపోతే మాత్రం చెప్పినవాళ్ళకి ఆ రాత్రి అన్నం సహించదు, ఎవరూ మనసుపెట్టి వినలేదని.

వాకిట్లో కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు. "ఎవరు స్వామీ తమరు?"

"శంఖద్వీప మహాపండితులం" అన్నాడు కొమరన్న, గొంతు లావు చేసి.

"తమరొక్కరే కనిపిస్తున్నారు?"

"మేము ఒక్కరమే. కానీ చాలామందిమి."

కాపలావాడికి అదేదో వేదాంతంలా తోచి ఈటె తీసేశాడు. తీసి, చెవి దగ్గరికొచ్చి, "స్వామీ, ఒక్క మాట. లోపల పిట్ట పలుకుతున్నంతసేపూ నోరు మెదపకండి. దగ్గొస్తే మింగేయండి, తుమ్మొస్తే ముక్కు మూసుకోండి. నోరు మెదిపినవాడి గొంతు పిట్టకి ఫలహారం" అన్నాడు.

లోపలికి అడుగుపెట్టాడో లేదో, కొమరన్న కళ్ళు చెదిరాయి. చందనపు స్తంభాలు, వాటికి పాకిన బంగారు తీగలు, తీగలకి కెంపుల మొగ్గలు. నేలమీద పరిచిన చంద్రకాంత శిలలు అద్దాల్లా మెరుస్తుంటే, నడిచేవాళ్ళంతా నీళ్ళ మీద నడుస్తున్నట్టుంది. సభ మధ్య పాలరాతి దిమ్మె మీద గోరువంక కూర్చుంది. రాగి రెక్కలు, ఇత్తడి ముక్కు, కళ్ళ చుట్టూ పసుపు పచ్చ వలయాలు. తోక ఈకలు కుంచెల్లా రంగుల్లో మునిగి ఉన్నాయి, కూర్చున్నచోటు నుంచే వెనక గోడ మీద నెమళ్ళనీ, మేఘాలనీ గీసిపారేస్తోంది. పక్కనే ధూమ్రజంఘుడు. మోకాళ్ళ కింద వాడి కాళ్ళు కాళ్ళు కావు, పొగ. వాడు కదిలితే చాలు, వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంటుంది.

రాజు భువనకేతుడు మెత్తని మనిషి. ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది ఆయనకి. "సభాసదులారా! ఆస్థాన కథకుల పీఠం ఖాళీగా ఉంది. దాని మీద ఈ పిట్టని కూర్చోబెట్టమంటున్నారు ధూమ్రజంఘులవారు. మీ మీ అభిప్రాయాలు చెప్పండి" అన్నాడు.

సేనాని ఉద్దండనాయకుడు మీసం సర్దుకుంటూ లేచాడు. "మహారాజా! ఎల్లల్లో కాపలా కాసే మా వాళ్ళకి పొద్దు గడవదు. కవిగారిని రమ్మంటే పల్లకీ పంపమంటారు. పల్లకీ పంపితే జలుబంటారు. ఈ పిట్టకి పల్లకీ అక్కర్లేదు, జలుబు రాదు, అలగదు. నా మాట పిట్టకే!"

"నిజమే!" అన్నాడు రాజు.

ఆస్థానకవి ప్రౌఢవాచస్పతి ఎగిరి దూకినంత పని చేశాడు. "ప్రభూ! ఇది కవిత్వమా? కంచరిపని! గుండె లేనిది రసమెలా ఎరుగుతుంది? దీన్ని కరిగించి గంగాళాలు చేయించండి!"

"అదీ నిజమే!" అన్నాడు రాజు.

ధూమ్రజంఘుడు మెల్లగా నవ్వాడు. "వాచస్పతిగారూ, మొన్న రాణీగారి పుట్టినరోజున తమరు చదివిన పద్యాలు ఎవరు కట్టారో పిట్టని అడగమంటారా?"

వాచస్పతి ముఖాన నెత్తురు చుక్క లేదు. "అంటే... కంచరిపనిలోనూ ఒక కవిత్వం ఉంటుందనుకోండి" అని గొణిగి, ఉత్తరీయం సర్దుకుంటూ కూలబడ్డాడు.

అప్పుడు రాణి హేమచంపక అంది, "నేను ఈ పిట్ట చెప్పిన కథ విని ఏడ్చాను. కొంగు తడిసేలా ఏడ్చాను. చెప్పింది లోహమైతేనేం, మనిషైతేనేం? నా కన్నీళ్ళు అబద్ధమా?"

"ఇదీ నిజమే!" అన్నాడు రాజు.

గోడకి ఆనుకుని నిలబడ్డ చిత్రకారిణి రంగసాని ముందుకొచ్చింది. నెరిసిన జుట్టు, గోళ్ళ నిండా రంగులు. "అమ్మా, తమ కన్నీళ్ళు ముమ్మాటికీ నిజం. పిట్ట గీసిన ఆ నెమలి బావుందని నేనూ ఒప్పుకుంటాను. దాని మెడ వంపు చూశారా? అది నాది. చిన్నప్పుడు అటక మీంచి పడి నా మణికట్టు విరిగింది. వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి నేను ఏ గీత గీసినా అక్కడ అలా ఒరుగుతుంది. ఈ పిట్ట చెయ్యి ఎప్పుడు విరిగిందో కనుక్కోండి. నన్ను అడిగితే నేర్పేదాన్నేమో. మాట వరసకైనా అడగలేదు."

"అయ్యయ్యో, అదీ నిజమే!" అన్నాడు రాజు, తల పట్టుకుని.

ధూమ్రజంఘుడి చూపు సభంతా తిరిగి తిరిగి గుమ్మడికాయ తలపాగా మీద వాలింది. "శంఖద్వీప పండితులవారు పెదవి విప్పడం లేదు. తమ అభిప్రాయం?"

సభ సభంతా ఇటు తిరిగింది. కొమరన్న గడ్డం పైకెత్తి, "కథ వినకుండా అభిప్రాయం చెప్పేవాళ్ళని మా ద్వీపంలో సముద్రంలో ముంచుతారు. ముందు విననివ్వండి" అన్నాడు.

"భేష్!" అన్నాడు రాజు.

మాంత్రికుడు పిట్ట మెడ మీద తట్టాడు. పిట్ట రెక్కలు విదిలించి, ముక్కు తెరిచి కథ ఎత్తుకుంది. ధూమ్రజంఘుడు మాత్రం ఆసనంలో వెనక్కి వాలి, రెండు మాటలు పడేసరికి గురక మొదలుపెట్టాడు. వాడికి కథలంటే జోలపాట కింద లెక్క. ఊరూరా తిరిగి పటంవాళ్ళందరి గొంతులూ దోచుకున్నాడే గాని, పుట్టి బుద్ధెరిగాక ఒక్క కథ చివరిదాకా విన్న పాపాన పోలేదు.

ముందు ఎవరో ముసలాయన గొంతు పలికింది. తర్వాత ఎవరో పడుచుపిల్ల. అంతలో గొంతు మారింది. కొమరన్న పక్కనున్న స్తంభం పట్టుకోకపోతే ఆసనం మీంచి పడిపోయేవాడే. అమ్మ! అదే జీర, ఊపిరి తీసుకునే చోట అదే చిన్న విరుపు. ఏడాదిగా వినని గొంతు. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

కథ మాత్రం అమ్మది కాదు. అగ్నిపూలు పూసే లంకకి బయల్దేరిన ఒక రాజకుమారుడి కథ. నాలుగు కథలు కలిపి కొత్తగా నేసింది పిట్ట. దాచడం దేనికి, కథ బావుంది! మనవాడు కూడా రెండు చోట్ల 'ఊఁ' కొట్టబోయి నాలుక కరుచుకున్నాడు. కథ బావున్నందుకు వాడికి ఇంకా ఒళ్ళు మండింది.

రాజకుమారుడు ఏటి ఒడ్డుకొచ్చాడు. ప్రవాహం ఉరకలేస్తోంది. చెప్పులు విప్పి రాయి పక్కన పెట్టాడు. మొలకి కత్తి బిగించి నీళ్ళలో దూకాడు. మొసళ్ళని చీల్చాడు, సుడిగుండాలు దాటాడు, అవతలి ఒడ్డు చేరాడు. అక్కడ నాలుగడుగులు వేసేసరికి ముల్లు గుచ్చుకుని చెప్పు తెగింది.

సభలో పండితులంతా ఆహా అన్నట్టు తలలూపారు.

కొమరన్న స్తంభం వదిలేశాడు. అమ్మ చుక్క! చిన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని తాను పట్టేసిన మొట్టమొదటి చుక్క. పిట్ట కథనంతా మార్చేసింది, చుక్కని మాత్రం అలాగే ఉంచింది. అది తప్పని దానికి తెలిస్తే కదా!

పట్టుకోవాలంటే నోరు విప్పాలి. కథకి ముందు అమ్మ వేసిన ఒట్టు కూడా గొంతుతోపాటే పిట్ట కడుపులోకి పోయి ఉంటే సరే సరి. లేకపోతే ఇంట్లో అమ్మకీ మాట లేదు, తనకీ ఉండదు.

కొమరన్న లేచి నిలబడ్డాడు. "అమ్మా! చెప్పులు ఇవతలి ఒడ్డునే వదిలేశాడుగా!"

రాజుగారి చేతిలో తాంబూలం జారిపోయింది. వాచస్పతి రెండు చేతులూ ఊపుతూ, "పండితోత్తమా, కూర్చోండి! అది దోషం కాదు! చెప్పులంటే చెప్పులు కావు, రాజకుమారుడి పూర్వజన్మ వాసనలు! దాని మీద నేను వ్యాఖ్యానం కూడా రాశాను!" అని గుసగుసగా అరిచాడు.

ధూమ్రజంఘుడు ఉలిక్కిపడి లేచాడు. "ఎవడ్రా కూసింది? పిట్టా! వాడి గొంతు లాగెయ్!"

ఇత్తడి ముక్కు బారెడు తెరుచుకుంది. లోపల ఖాళీ గవ్వ ఒకటి తళుక్కుమంది. కొమరన్న గొంతు మంచు ముద్ద మింగినట్టు చల్లబడిపోయింది. అమ్మా అందామంటే నాలుక లేవలేదు. అయిపోయింది అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పిట్ట కడుపులోంచి పకపకమని నవ్వు వినిపించింది.

"పట్టేశావురా గడుగ్గాయీ!" అంది ఎల్లసాని గొంతు. "ఏం కావాలో అడుగు!"

గవ్వ వెనక్కి పోయింది. కొమరన్న గొంతులో వెచ్చదనం తిరిగొచ్చింది. తలపాగా ఊడి, మెట్ల మీద దొర్లుకుంటూ పోయి రాజుగారి పాదాల దగ్గర ఆగింది. ఇక వేషమెందుకు, బహువచనమెందుకు! "నాకు మా అమ్మ గొంతు కావాలి! ఇంకేమీ వద్దు!" అని గొంతు చించుకుని అరిచాడు.

పిట్ట మెడ ముందుకు చాచి, తెల్లటి గవ్వనొకదాన్ని కక్కింది. కొమరన్న జరీ శాలువా చాచి గాల్లోనే దాన్ని పట్టుకున్నాడు.

"ఇదేం విడ్డూరం!" ధూమ్రజంఘుడు పళ్ళు పటపటలాడించాడు. "నా పిట్టకి వీడు చెప్పడమేమిటి? ఎవడు పెట్టాడు ఈ షరతు?"

"మా వాళ్ళందరూ కథ ఎత్తుకునేముందు నీ ఎదటే పెట్టారు! నువ్వు నిద్రపోయావు!" అన్నాడు కొమరన్న.

రాణి హేమచంపక దిగ్గున లేచింది. "ఆగండాగండి! అయితే నన్ను ఏడిపించిన కథలో చచ్చిపోయిన చెల్లెలు, అక్క పెళ్ళిలో పసుపు దంచింది. అదీ ఇలాంటిదేనా? ఎవ్వరూ ఏమీ అనకపోతే, నాకే అర్థం కాలేదేమో అని నోరు మూసుకున్నానే!"

పిట్ట కడుపులో ముసలాయన గొంతు భోరుమంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "హమ్మయ్య! ఇన్నాళ్ళకి ఒక్కరు విన్నారు తల్లీ! అడుగు, ఏం కావాలో!"

"నీ గొంతు నువ్వు తీసుకుపో నాయనా" అంది రాణి, కళ్ళు తుడుచుకుంటూ.

ఠంగుమని ఇంకో గవ్వ రాలింది. ఇక చూడాలి సభ సంబరం! "గుడ్డివాడు ఉత్తరం చదివాడు!" అని సేనాని. "అమావాస్యనాడు వెన్నెల్లో పారిపోయారు!" అని రంగసాని. "నేను అప్పుడే అనుకున్నాను!" అని ఏమీ అనుకోని వాచస్పతి. రాజుగారైతే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతూ, "అదీ నిజమే! ఇదీ నిజమే!" అంటున్నాడు. పిట్ట ఎటు తిరగాలో తెలియక గిరగిరా తిరిగింది. గవ్వలు వడగళ్ళలా రాలుతున్నాయి.

ధూమ్రజంఘుడి కళ్ళు నిప్పులయ్యాయి. ఏదో మంత్రం ఉమ్మినట్టు పలికాడు. గోరువంక రాగి రెక్కలు ఒక్కసారి విప్పింది. ఆ గాలికి చందనపు స్తంభాలు ఊగాయి, కెంపుల మొగ్గలు తెగి పడ్డాయి. పిట్ట దిమ్మె మీంచి లేచింది.

"పోనివ్వకు అబ్బాయ్!" రంగసాని కేక వేసింది. "ఇంకా సగం గొంతులు దాని పొట్టలోనే ఉన్నాయి!"

కొమరన్న గవ్వని మొలలో దోపుకుని ఎగిరి పిట్ట కాలు పట్టుకున్నాడు. భటులు విసిరిన ఈటెలు లోహానికి తగిలి వంగిపోయాయి. కోట కప్పు పెళ్ళున పగిలింది. పచ్చరాళ్ళ వాన కురుస్తుండగా పిట్ట ఆకాశంలోకి దూసుకుపోయింది. సభలో మాంత్రికుడు ఉన్నచోట పొగ తప్ప ఏమీ లేదు, ఆ గలాటాలో దాన్ని చూసినవాళ్ళూ లేరు.

కాలు పట్టుకుని వేలాడుతూ, రెక్క సందున పాకుతూ, జారుతూ, మళ్ళీ పాకుతూ, కొమరన్న ఎలాగో పిట్ట వీపు మీదికి చేరాడు. కింద పచ్చలకోట ఉంగరంలో రాయంత అయింది. అడవులు వెనక్కి పరుగెత్తుతున్నాయి. మబ్బులు తడిగుడ్డల్లా ముఖానికి తగులుతున్నాయి. వాడు మొలలోంచి గవ్వ తీసి చెవికి ఆనించుకున్నాడు.

"అమ్మా?"

లోపల సముద్రం హోరు. తర్వాత, "ఏరా, అన్నం తిన్నావా?" అంది అమ్మ.

ఆకాశంలో, లోహపు పిట్ట మీద, ఈటె దెబ్బలు తప్పించుకుని వచ్చినవాణ్ణి అడగాల్సిన మాటేనా అది! కొమరన్న నవ్వాడు, వెంటనే వెక్కివెక్కి ఏడ్చాడు. "లేదే అమ్మా. ఇంటికొచ్చాక తింటాను. నిన్ను తీసుకొస్తున్నాను, సరేనా?"

"సరే. భయపడుతున్నావు. కథ చెప్పనా?"

"చెప్పు."

"కథకి చుక్క పెడతాను, పట్టినవాడు అడిగింది ఇస్తాను" అని ఎత్తుకుంది ఎల్లసాని గొంతు. "అనగనగా ఒక లోహపు పిట్ట."

"ఊఁ."

"మబ్బుల మీదుగా పోతోంది."

"ఊఁ."

"దాని వీపు మీద ముగ్గురు పోతున్నారు."

కొమరన్న చంకలు గుద్దుకున్నాడు. "దొరికింది! అప్పుడే పెట్టేశావా చుక్క? ముగ్గురెక్కడే? నువ్వూ నేనూ ఇద్దరమేగా!"

పట్టేశావురా అని నవ్వుతుందని చూశాడు. గవ్వ నవ్వలేదు.

"నేను చుక్క ఇంకా పెట్టలేదురా, కొమరా" అంది అమ్మ, చాలా మెల్లగా.

మెడ వెనకాల ఎవరో ఊపిరి వదిలారు. వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంది.